ఇమ్రాన్ ఊడ్చిన ఫోల్డర్

గద్వాల, శుక్రవారం రాత్రి

రేపు పొద్దున ఖాదర్ సేటు తన చీరల కొట్టు వెబ్‌సైట్‌ను మరోసారి చూడ్డానికి వస్తున్నాడు. నచ్చితేనే మిగతా పని మాకు, లేకుంటే హైదరాబాద్ వాళ్లకు. ఇంతటి చారిత్రక ఘడియలో నా భాగస్వామి ఇమ్రాన్, చుట్టాలొస్తున్నారని ఇల్లు ఊడ్చినట్టు ప్రాజెక్టు ఫోల్డర్ ఊడ్చి, అందులోని లాక్ ఫైల్‌ను డిలీట్ చేశాడు.

"సేటు వస్తుండు గదరా, సాఫ్ చేసిన. ఆ లాక్ ఫైల్ మనం రాసింది గాదు, ఉత్త చెత్త!"

సైట్ నడవడానికి బయటినుంచి తెచ్చుకునే ప్యాకేజీల్లో ఏది ఏ వెర్షన్ వాడాలో గుర్తుపెట్టుకునేది ఆ చెత్తే. అది లేకుండా ఇన్‌స్టాల్ చేస్తే అన్నీ కొత్త వెర్షన్లు దిగాయి. కోడ్‌ను సైట్‌గా మార్చే బిల్డ్ ఆగింది. ఎర్రర్లు బరాత్ కట్టి వచ్చాయి.

"పరేషాన్ గాకు, మనుషులం గదా," అన్నాడు. కాసేపు నేను మనిషిని కాను.

చివరికి పాత కాపీలన్నీ దాచిపెట్టే గిట్‌లో ఉన్న నిన్నటి కాపీ నుంచి లాక్ ఫైల్‌ను సగౌరవంగా వెనక్కి తెచ్చాం. సాయంత్రానికి బిల్డ్ పూర్తయింది, తెర మీద చీర అంచు మెరిసింది. ఇమ్రాన్ వాళ్లమ్మ పంపిన సేమియా తింటూ చూసుకున్నాం. అచ్చం నిన్నటిలాగే ఉంది.

ఇంత హాయిలోనూ ఒకటే దిగులు. రేపు సేటు, "కొత్తగ ఏం మార్చిండ్రు బేటా?" అంటాడు. "ఏం మారకుండ చూసినం సేట్. దానికే దినమంత పట్టింది," అంటే నమ్ముతాడా...