నల్లగద్ద మొదటి సంచిక

దాదర్, ముంబయి
ఆదివారం మధ్యాహ్నం

అక్కకు,

నీ చెల్లె సునంద దండాలు. నా ఒంట్లో బాగానే ఉంది, ఆ బెంగ పెట్టుకోకు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావ, పిల్లలు ఎలా ఉన్నారు? నీ ఫోన్ ఎప్పుడూ పిల్లల చేతిలోనే ఉంటుంది, మాట్లాడితే ఇల్లంతా వింటుంది. పైగా పక్క వాటాలోనే చిన్నాయిన. అందుకే కాగితం మీద రాస్తున్నాను. చదివాక ఎవరికీ చూపించకు.

ఇక్కడ మూడు వారాలుగా ఒకటే వాన. బట్టలు ఆరడం లేదు. గదిలో ఉండే ఇద్దరమ్మాయిలు మంచివాళ్లే, కానీ వాళ్ల కబుర్లు వాళ్లవి. జొన్నరొట్టె దొరుకుతుంది, పుంటికూర తొక్కు దొరకదు. ఎవరైనా ఇటు వస్తుంటే ఒక డబ్బా పంపు. హైదరాబాద్ బస్సు కనబడితే ఒక్కోసారి ఎక్కి కూర్చుని జహీరాబాద్‌లో దిగిపోదామనిపిస్తుంది. అయినా బాగానే ఉన్నాను.

నా పనేమిటని మీ అత్తమ్మ అడిగిందన్నావు. మాది పాత కామిక్స్ కొని అమ్మే దుకాణం. ముసుగు వేసుకుని ఎగిరే వీరుల కథలే, నాయిన బస్టాండు దగ్గర డబ్బా కొట్టులో అద్దెకిచ్చినవాటిలాంటివే. వాటిని ఇప్పుడు కొందరు బంగారంలా కొని దాచుకుంటున్నారు, ముందు ముందు ధర పెరుగుతుందని. అమ్మకానికి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నేను పరీక్షిస్తాను. పేజీలన్నీ ఉన్నాయా, పిన్నులు తుప్పు పట్టాయా, ఎక్కడైనా అతికించారా అని చూసి చీటీ రాస్తాను. ఆ చీటీని బట్టే ధర.

నేను ఈ పని ఎందుకు వెతుక్కున్నానో నీకూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. నాయిన ఎవరికీ అద్దెకివ్వకుండా పెట్టెలో దాచుకున్న నల్లగద్ద పుస్తకాలు పన్నెండూ ఏదో ఒక రోజు ఇలాంటి దుకాణానికే వస్తాయని నాకు తెలుసు. పన్నెండు సంచికలతో ఆగిపోయిన పుస్తకమది, దేశంలో ఎన్ని మిగిలాయో ఎవరికీ తెలియదు. నాయినకు పక్షవాతం వచ్చి మనిద్దరం దవాఖానలో ఉన్నప్పుడు చిన్నాయిన ఆ పెట్టె పట్టుకుపోయాడు. అడిగితే "ఎలుకలు కొట్టినయి, తూకానికేసిన" అన్నాడు. మనం నమ్మాం.

తరువాత ఆ వీడియో వచ్చింది. హైదరాబాద్‌లో కామిక్స్ దాచుకునేవాళ్ల సభలో చిన్నాయిన కూర్చుని, "చిన్నప్పుడు బడి కాడ ఏం కొనుక్కోకుండ పైసలు దాసి కొన్నయి ఇవి" అని చెబుతున్నాడు. నీ ఫోన్‌లోనే నాయిన చూశాడు. మాట రాని మనిషి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. నెల తిరక్కుండానే పోయాడు. నిలదీస్తే "నావి నావే, సాక్ష్యం ఉంటే సూపియ్యి" అన్నాడు చిన్నాయిన. పుస్తకాలు పోయినందుకు కాదక్కా, నాయిన ఇష్టాన్ని కూడా తనదని చెప్పుకున్నందుకు నా కడుపు మండింది.

మొన్న గురువారం ఆయన మా దుకాణానికి వచ్చాడు.

చేతిలో మొదటి సంచిక ఒక్కటే. కొనడానికి పుణె నుంచి వచ్చిన ఆయన బయటి గదిలో కూర్చున్నాడు. నన్ను చూసి చిన్నాయిన మొహం ఒక్క క్షణం పాలిపోయింది. వెంటనే నవ్వాడు.

"సునందా! నువ్వీడ ఉన్నవా బిడ్డా? సూసేది మనోళ్లే అంటే ఇంక నాకేం ఫికర్."

మంచినీళ్లిచ్చాను. చేతులు కడిగి, తుడుచుకుని పుస్తకం విప్పాను. అట్ట మీద గద్ద రెక్క కొస నీకు గుర్తుందా? అంచుకు వేలి మందం ఎడం ఉండేది. ఇప్పుడు అంచుకు తగులుతోంది. స్కేలు పెట్టి చూశాను. మూడు వైపులా పొట్టిగా ఉంది.

"దీన్ని కోయించిన్రా చిన్నాయినా?"

"అంచులు పసుపుపచ్చగైనయి గద. పెండ్లి పత్రికలు కొట్టే ప్రెస్సుల జర సాఫ్ చేయించిన. కొత్తదాని లెక్క లేదూ?"

అక్కా, నా గుండె ఎగిరి గంతేసింది. పుస్తకం పాతబడి అంచు పసుపెక్కితే ఎవరూ వంక పెట్టరు, అది దాని వయసు. కోస్తే మాత్రం ఇక దాన్ని ఎవరూ ముట్టరు. చిన్నప్పటి నుంచీ ప్రేమగా దాచుకున్నవాడికి ఆ సంగతి తెలియకుండా ఉంటుందా?

నేను కలం తీయగానే ఆయన గొంతు తగ్గించాడు.

"నువ్వు రాయకుంటే ఎవలకెరుక? మొగుడంపల్లిల అల్లం చేనుకు బయానా ఇచ్చిన. ఇది అమ్ముడుపోకుంటే ఆ చేను పోతది. మీ నాయినుంటే ఇట్ల రాస్తుండెనా?"

నాయిన పేరు ఎత్తకపోతే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

"నాయినుంటే నిన్ను గడప తొక్కనియ్యకపోతుండె" అన్నాను. 'మూడు అంచులూ కోసినది' అని చీటీ మీద పెద్ద అక్షరాలతో రాశాను. బయటి గదిలోకి వెళ్లి పుణె ఆయన ముందు హిందీలో గట్టిగా చదివాను. ఆయన సంచి తీసుకుని వెళ్లిపోయాడు.

చిన్నాయిన పుస్తకం మూసి దగ్గరికి లాక్కున్నాడు. "మిగిలిన పదకొండు పెట్టెలనే ఉన్నయి. వాటిని కోయించలే. సాఫ్‌గున్న దీన్నే కొనకుంటే, ఆ పసుపుపచ్చ కాయితాలు ఎవడు కొంటడు? అంతేనా బిడ్డా?" అన్నాడు.

కోయకపోవడమే వాటి విలువ అని ఒక్క మాట చెబితే చాలు. చెప్పలేదు. చీటీ మడిచి ఆయన చేతిలో పెట్టాను. అడిగినవాళ్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలని మా యజమానురాలు మొదటి రోజే చెప్పింది. నేను చేసింది తప్పే. ఇంకోసారి వచ్చి అడిగినా చెప్పను. ఆయన గోడ పట్టుకుని మెట్లు దిగుతుంటే నాకు జాలి కలుగుతుందేమోనని నిలబడి చూశాను. కలగలేదు.

ఇప్పుడు నీతో పని పడింది. చిన్నమ్మ దగ్గరికి వెళ్లి, నాయిన గుర్తుగా ఆ పాత పుస్తకాలు ఇమ్మని అడుగు. పెట్టె అడ్డంగా ఉందని ఆమె ఎప్పుడూ గొణుగుతూనే ఉంటుంది కదా. వాన లేని రోజు చూసుకుని వెళ్లు. తాడు కట్టకు, మెత్తటి దుప్పట్లో చుట్టు. తడి చేత్తో ముట్టకు. వాటిని అమ్మను. ఒక్కొక్కదానికి నాయిన పేరుతో చీటీ రాసి, ఆ హైదరాబాద్ సభలోనే బల్ల మీద పరుస్తాను. ఆ రోజు చిన్నాయిన ముందు వరుసలో కూర్చుని చూడాలి.

ఇల్లు చిన్నాయిన పేరు మీదే ఉంది, తెలిశాక మీ వాటా ఖాళీ చేయమంటాడేమో. బావతో ముందే మాట్లాడు. నీకు భయమనిపిస్తే వద్దు, నేనేమీ అనుకోను. కానీ అడగకుండా మాత్రం ఉండలేకపోయాను.

చిరాగ్‌పల్లి అత్తకు, మీ అత్తమ్మకు, పెద్దలందరికీ నా దండాలు చెప్పు. చిన్నమ్మకు మరీ మరీ చెప్పు, ఆమె ఏ పాపమూ ఎరగదు. చిన్నాయినకు చెప్పకు. నన్ను దీవించు అక్కా. ఇదంతా చదివాక దీవించబుద్ధి కాకపోతే, ఆ పదకొండూ నీ ఇంటికి చేరాకైనా దీవించు.

నీ చెల్లె,
సునంద