పెదాలు కలిసే అక్షరాలు

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ అంతా కుశలం. నీ కుశలమే అనుమానంగా ఉంది.

నిన్న సీరియల్లో హోటలు సీను చూశాను. ముందు బల్ల దగ్గర హీరోయిన్ ఏడుస్తోంది, వెనక బల్ల దగ్గర నువ్వున్నావు. ఎంత బాగా చేశావురా! ఖాళీ కప్పు నోటికి ఆనించి, వేడికి పెదాలు చురుక్కుమన్నట్టు వెనక్కి తీశావు. మిషను ఆపేసి, బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన వాళ్ళందరికీ చూపించాను. ఆ తర్వాతే నా గుండె జారింది. ఎదురుగా కూర్చున్న ఆవిడతో "మందు లేకపోతే నాకు నిద్ర పట్టదు" అన్నావు. చిన్నప్పటి జ్వరంలో నా చెవులు పోయాయి గానీ, పెదాలు చదివే కళ్ళు ఎక్కడికీ పోలేదు. ఎప్పట్నుంచి తాగుతున్నావు?

నీ అక్క

తా.క.: ఆవిడ ఎవరు? తాగుబోతు కబుర్లు అంత ఓపిగ్గా వింటోంది!

~

అక్కకి నమస్కారాలు.

మందు కాదే తల్లీ, పండు! పడుకునే ముందు అరటిపండు. ప, బ, మ, మూడింటికీ పెదాలు ఒకేలా కలుస్తాయని నాకు చెప్పింది నువ్వే కదా.

మా ఎక్స్‌ట్రాలకి రెండే రూళ్ళు. గొంతు బయటికి రాకూడదు, కెమెరాలోకి చూడకూడదు. ఊరికే పెదాలు ఆడిస్తూ ఏదో ఒకటి మాట్లాడుకుంటూ ఉండాలి. ఆవిడ కూడా ఎక్స్‌ట్రానే. ఆర్నెల్లుగా మాది ఒకటే బల్ల. ఆవిడ పనితనం చూడు. పద్నాలుగు టేకులు తీసినా, ప్రతిసారీ అదే క్షణంలో అదే చేత్తో జుట్టు వెనక్కి తోసుకుంటుంది.

నీ తమ్ముడు

తా.క.: ఆవిడ నాకేమీ కాదు. కావాలని నా ఆశ. నలభై రెండేళ్ళొచ్చినా అడగడానికి నోరు పెగలడం లేదు.

~

తమ్ముడికి,

దీవెనలు తర్వాత. ముందు జవాబు చెప్పు.

నిన్న ఆవిడతో "పాపని లేపకు, నిద్రపోనీ" అన్నావు. ఎవరి పాప? ఎన్నో ఏడు? మేనత్తని నేను బతికుండగా, ఈ సంగతి నాకు సీరియల్లో తెలియాలా?

నీ అక్క

తా.క.: కోపం వేరు, గౌను వేరు. కుట్టడం మొదలుపెట్టాను. కొలతలు రాయి.

~

అక్కకి,

పాప కాదు, మామ! సర్వర్ వేషం వేసే పెద్దాయన. సెట్లో అందరికీ మామే. ట్రే పట్టుకుని నిలబడే నిద్రపోతాడు. నీ గౌను ఆయనకి పట్టదు.

నీ ఉత్తరాలు ఆవిడకి చూపించాను. "అయితే మనల్ని కూడా చూసే మనిషి ఒకరున్నారన్నమాట!" అని ఆ ఉత్తరాలు మళ్ళీ మొదట్నుంచి చదివింది.

మొన్న టేకు మధ్యలో, గొంతు లేకుండా, పెళ్లి మాట అడిగేశాను. కోప్పడితే నటన అని తప్పించుకుందామని. ఆవిడ ఏదో అంది. సరిగ్గా అప్పుడే మామ మేలుకుని మా ఇద్దరి మధ్య ట్రే పెట్టాడు. నాకేమీ కనపడలేదు. మళ్ళీ అడిగే ధైర్యం లేదు. కెమెరా పక్కనుంచి ఉంది కాబట్టి నీకు కనపడుతుంది. ఆ సీను గురువారం వస్తుంది. చూసి రాయవే.

నీ తమ్ముడు

తా.క.: కాదంటే మాత్రం కాస్త మెత్తగా రాయి.

~

చిరంజీవి తమ్ముడికి,

గురువారం దుకాణం మూసేసి కూర్చున్నాను. ముందు బల్ల దగ్గర హీరో ఏదో పెద్ద డైలాగు చెప్పాడట. నేను చూడలేదు. నువ్వు అడగడం చూశాను. అడిగేసి, ఖాళీ కప్పు ఊదుకుంటున్నట్టు దాని చాటున మొహం దాచుకున్నావు. ఏ హీరోకి వస్తుందిరా ఆ పని!

ఆవిడ అన్నది ఇది: "ఈ పెళ్లి మాట కోసమేగా ఆర్నెల్లుగా ఖాళీ కప్పు తాగుతున్నాను." కానీ అది "పెళ్లి పాట" కావచ్చు. "బల్లి మాట" అయినా కావచ్చు. పండు దగ్గర బోల్తా పడ్డాను, మామ దగ్గర బోల్తా పడ్డాను. ఈసారి తొందరపడి నీ కొంప ముంచుతానేమోనని భయమేసింది.

అప్పుడు ఆవిడ మీ రెండో రూలు తప్పింది. తల తిప్పి, నేరుగా కెమెరాలోకి, నా కళ్ళలోకి చూసి ఒక్క మాట అంది. అందులో ప లేదు, బ లేదు, మ లేదు. పొరపాటు పడే దారే లేదు.

"వదినా" అంది.

ఎంత ఏడ్చానో చెప్పలేను. వెంటనే వెళ్ళు. ఈసారి గొంతు విప్పి అడుగు.

నీ అక్క, ఆవిడ వదిన

తా.క.: గౌను పారెయ్యలేదు. పెట్టెలో దాచాను.