నేల మీద సజ్దా

జనవరి 5, సోమవారం

మెట్టుగూడలో కొత్త పేషెంటు. ఆసుపత్రిలో ఫిజియో ఉద్యోగం మానేశాక నా అంతట నేను పట్టిన మొదటి కేసు. పేరు జైనబ్ బీ. అరవై ఎనిమిదేళ్ళు. మోండా మార్కెట్‌లో నిమ్మకాయలు, పుదీనా అమ్ముతుంది. తడి ఆకుల మీద కాలు జారి పడింది — తుంటి దగ్గర ఎముక చిట్లింది. ఆపరేషన్ అక్కర్లేదు, కానీ ఈ నెలాఖరు దాకా లేచి కూర్చోవద్దని డాక్టరు రాశాడు. కోడలు రేష్మా ఆమెను అమ్మీ అంటుంది. పది నిమిషాల్లో నాకూ అదే నోటికొచ్చింది.

వెళ్ళగానే చేసిన మొదటి పని, మంచం తిప్పించడం. పాదాలు సరిగ్గా పడమటికి ఉన్నాయి! మక్కా అటే కదా. చిన్నప్పుడు స్నేహితురాలి ఇంట్లో అటు కాళ్ళు చాపి వాళ్ళ నానమ్మ చేత ఎన్ని చీవాట్లు తిన్నానో. ఆంబులెన్సు వాళ్ళు చూసుకోకుండా వేసి ఉంటారు. అద్దెకు తెచ్చిన చక్రాల మంచమే. నేనూ రేష్మా చెరో పక్క పట్టుకుని, మనిషితో సహా మెల్లగా తిప్పేశాం. ఇప్పుడు తల పడమటికి. అమ్మీ ఏదో అనబోయి ఆగింది. "నీకు తెల్వంది ఏముంటది డాక్టరమ్మా..." అంది. అడగకుండానే వాళ్ళ మనసు తెలుసుకున్నానని ఇంటికొచ్చే దాకా మురిసిపోయాను.

జనవరి 6, మంగళవారం

దిండు పక్కన మట్టి పెంకు ముక్క. చెత్త అనుకుని తీయబోతే గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్ళు కడుక్కోవాలి. నీళ్ళ దగ్గరికి పోలేని మనిషి శుభ్రమైన మట్టి మీద అరచేతులు ఆనించి ముఖానికీ చేతులకూ తుడుచుకుంటే చాలట. తయమ్మమ్ అంటారట.

"మరి నీళ్లే మీ దగ్గరికొస్తేనో?"

"వస్తె నీళ్లే బిడ్డా. కని పొద్దుగాల నాలుగున్నరకు రేష్మను ఎట్ల లేపాలె? దానికి సుత నిద్ర కావాలె గద."

ఇస్త్రీకి నీళ్ళు చల్లే సీసా చూపించాను. "నేనేమన్న ఇస్త్రీ చొక్కనా?" అని పడీ పడీ నవ్వింది. పైగా తడిస్తే చాలదట, నీళ్ళు చర్మం మీద జారాలట. చివరికి రేష్మా మంచినీళ్ళ బాటిల్ మూతకు సూదితో చిల్లులు పెట్టింది. కింద రబ్బరు షీటు, పైన తువ్వాలు. బ్రహ్మాండంగా కుదిరింది. పాదాలకు మాత్రం రేష్మా చెయ్యి కావాల్సిందే. అందుకని తెల్లవారు నమాజుకు పెంకే ఉండనిచ్చాం.

జనవరి 8, గురువారం

అమ్మీకి మెడ నొప్పి. దిండు మార్చాను.

జనవరి 9, శుక్రవారం

మెడ ఇంకా పట్టేసింది. తుంటికి వైద్యం చేయడానికి వెళ్ళి మెడకు కాపడం పెట్టి వస్తున్నాను. "గాలి పట్టినట్టున్నది" అంటుంది. గాలీ లేదు, గీలీ లేదు. ఏదో దాస్తోంది.

జనవరి 12, సోమవారం

ఇవాళా మెడ నొప్పే.

జనవరి 13, మంగళవారం

ఎంత నవ్వానో! ఇప్పటికీ పొట్ట నొప్పి.

ఈరోజు సాయంత్రానికి బదులు మధ్యాహ్నం ఒంటిగంటకే వెళ్ళాను. అమ్మీ నమాజులో ఉంది. వెల్లకిలా పడుకుని, తలను భుజం మీదుగా మెలితిప్పి, కళ్ళు పైకెత్తి తల వెనకాల గోడను చూస్తోంది. ఆ మెడ నొప్పి పుట్టక ఏమవుతుంది! అయ్యే దాకా గుమ్మంలో నిలబడ్డాను.

"అమ్మీ, గా గోడల ఏమున్నది?"

"కిబ్లా బిడ్డా."

అప్పుడు బయటపడింది. మామూలు మనిషి అటు కాళ్ళు చాపకూడదు, నిజమే. కానీ లేవలేని మనిషి నమాజుకు పడుకోవాల్సింది పాదాలు పడమటికి పెట్టే! తల కింద దిండు ఎత్తుగా ఉంటే ముఖం తిన్నగా కిబ్లాను, అంటే మక్కా దిక్కును, చూస్తుంది. మసీదు మౌల్వీ సాబ్‌ను అడిగి మరీ మంచం అలా వేయించుకున్నారట. నేను వెళ్ళి ఘనంగా తిప్పేశాను.

"మరి చెప్పలేదేంది నాకు?"

"నువ్వు డాక్టరమ్మవు. ఎముక కోసం తిప్పినవ్ అనుకున్న."

"నేను మీ కోసం తిప్పిన అమ్మీ! కాళ్లు అటు ఉంటె మీకు తప్పయితదని..."

ముందు అమ్మీ కిసుక్కుమంది, ఆ వెంటనే నేను. తర్వాత ఆ నవ్వు... రేష్మా వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చింది. నవ్వితే ఎముక నొస్తుందని అమ్మీ తుంటి పట్టుకుంటుంది, మళ్ళీ నవ్వుతుంది. మంచం తిప్పేశాం. సిగ్గుతో చచ్చిపోయాను గానీ, ఇంత సంతోషంగా ఏ పేషెంటు ఇంట్లోంచీ బయటికి రాలేదు.

జనవరి 16, శుక్రవారం

మెడ నొప్పి మాయం. మౌల్వీ సాబ్‌కు నేనే ఫోన్ చేశాను. ఈ వారం రోజుల నమాజులు నా వల్ల పాడైపోయాయా అన్నది నా భయం. ఆయన చాలాసేపు నవ్వారు. "తనంతట తాను తిరగలేని మనిషి, ఎట్లున్నదో అట్లనే చేసుకున్నది. చెల్లుతది. మీరు పరేషాన్ కాకుండ్రి." హమ్మయ్య. నెమ్మదైన మనిషి. నా ప్రశ్నలన్నీ అడిగేశాను, కూర్చోవడం, నిలబడడం, కుర్చీ... అన్నీ రాసుకున్నాను.

జనవరి 19, సోమవారం

నా నోటికి తాళం వేయాలి.

"నేల మీద సజ్దా ఎప్పుడు చేస్త బిడ్డా?" అని అడిగింది. మోకాళ్ళ మీద వంగి నుదురు నేలకు ఆనించడం. "రంజాన్ షురూ అయ్యేలోపల" అనేశాను. ఎక్స్‌రే లేదు, డాక్టరు మాట లేదు, ఊరికే అనేశాను. నేను చెప్పులు వేసుకునేలోపే గల్లీ అంతా తెలిసిపోయింది. ఎదురింటామె నన్ను ఆపి మరీ శుభాకాంక్షలు చెప్పింది.

తలతో సైగ చేస్తే చాలని మౌల్వీ సాబ్ చెప్పారు కదా అంటే... "అల్లా ఒప్పుకుంటడు బిడ్డా. నా నుదురే ఒప్పుకుంటలేదు."

జనవరి 27, మంగళవారం

ఎక్స్‌రే బాగుంది. కూర్చోవచ్చు!

ఇప్పుడు నమాజు కుర్చీలో. రుకూకు, అంటే మామూలుగా నిలబడి నడుము వంచే భాగానికి, కొంచెం వంగాలి, సజ్దాకు అంతకంటే ఎక్కువ. ఎంత వంగొచ్చో నేను చెప్పాను, ఎన్నిసార్లో తను చెప్పింది. వ్యాయామాలు పోయిన వారమే అయిదు పూటలకూ సర్దేశాను, అజాన్ వినగానే ముందు కాళ్ళు ఆడించాలి, తర్వాత నమాజు. ఒక్క పూట మానలేదని రేష్మా సాక్ష్యం. నా పేషెంట్లందరికీ ఇలా అయిదుసార్లు పిలిచేవాళ్ళు ఉంటే ఎంత బాగుండు.

ఫిబ్రవరి 3, మంగళవారం

వాకర్‌తో నిలబడింది. నిలబడి నమాజు మొదలుపెట్టి, అలసిపోగానే కుర్చీలోకి. మధ్యలో పలకరించకూడదు. నేను వెనకాల కుర్చీ పట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడతాను. ఎప్పుడు ముగుస్తుందా అని నాకు ఎంత ఆత్రమో. మోండాలో నిమ్మకాయలు ఎవరు అమ్ముతున్నారో ఏమోనని అమ్మీ ఇవాళ మొదటిసారి బెంగపడింది. మంచి లక్షణం.

ఫిబ్రవరి 9, సోమవారం

డాక్టరు దగ్గరికి నేనూ వెళ్ళాను. నడవచ్చు, మెట్లు ఎక్కవచ్చు. నేల మీదికి? "కుర్చీ ఉంది కదమ్మా, ఎందుకు తిప్పలు" అన్నాడు. వద్దని మాత్రం అనలేదు. "మీ ఫిజియో చూసుకోవాలి."

అంటే నేను. వంగడం కష్టం కాదు, లేవడమే. పట్టు తప్పి మళ్ళీ పడితే... ఆ వయసులో ఎముక ఎంత పలుచనో ఎక్స్‌రేలో చూసినదాన్నే. భయంగా ఉంది. చాలా భయంగా ఉంది.

"కుర్చీల చేసినా పుణ్యం ఇంత సుత తగ్గది" అని మౌల్వీ సాబ్ ఆమెకు ఫోన్లో నచ్చజెప్పారు. నేను చెప్పమంటేనే. అన్నీ విని, ఫోను నా చేతికిచ్చి, "ఎప్పుడు షురూ చేద్దాం?" అంది.

ఫిబ్రవరి 12, గురువారం

నేరేడ్‌మెట్‌లో మా హాలు మధ్య దుప్పటి పరిచి నేనే దిగి చూస్తున్నాను, కుర్చీ పట్టుకుని, ముందు ఏ మోకాలు, తర్వాత ఏ చెయ్యి. మా అమ్మ గుమ్మంలో.

"ఏందే, నమాజు షురూ చేసినవా?"

సంగతి చెబితే, "గింతేనా, జరుగు" అని తనూ దిగింది. దిగడం బాగానే దిగింది. లేవలేకపోయింది! అరవై నాలుగేళ్ళు, మోకాళ్ళు అరిగాయి, నేను లాగితే నా మీదే కసిరింది. చివరికి పక్కనున్న పీట లాక్కుని, రెండు చేతులూ దాని మీద మోపి, ఒక పాదం ముందుకు వేసి, చక్కగా లేచి నిలబడింది. నేను కుర్చీ కుర్చీ అంటూ మూడు రోజులు బుర్ర బద్దలుకొట్టుకున్నాను. ఎత్తు కుర్చీ కాదు కావాల్సింది, పొట్టి పీట.

ఫిబ్రవరి 13, శుక్రవారం

పీట తీసుకెళ్ళాను. కింద పరిచిన పరుపు మీదికి అమ్మీ మూడుసార్లు దిగింది, మూడుసార్లు లేచింది. నుదురు ఇంకా ఆనించనివ్వలేదు.

ఫిబ్రవరి 16, సోమవారం

అయిదుసార్లు. వణుకు తగ్గింది. రేపే సజ్దా.

ఫిబ్రవరి 17, మంగళవారం, సాయంత్రం

ఒప్పందం ఇదీ. పొద్దున పదింటికి నఫిల్ నమాజు, తప్పనిసరి కానిది; రెండు రకాతులు, అంటే నిలబడడం నుంచి సజ్దా దాకా రెండు విడతలు. మొదటి రకాతు నేల మీద, రెండోది కుర్చీలో. నడుముకు, పేషెంట్లు పడకుండా పట్టుకునే నా బెల్టు, వెనకాల నేను, ముందు పీట, పక్కన రేష్మా. అమ్మీ కొత్త దుపట్టా వేసుకుంది.

నిలబడింది. వంగింది. పీట మీద చెయ్యి, ఒక మోకాలు, రెండో మోకాలు, అరచేతులు... నుదురు చాప మీద ఆనింది. బెల్టు పట్టుకున్న నా వేళ్ళకు ఆమె వీపు తేలికపడ్డట్టు తెలిసింది. రేష్మా ఏడుస్తోంది. నేనూ. లేచి కూర్చుంది, మళ్ళీ ఆనించింది. పీట పట్టుకుని లేచి నిలబడింది! కుర్చీ దగ్గరికి జరిపాను.

కుర్చీ వైపు చూడనే లేదు. మళ్ళీ రుకూ, మళ్ళీ కిందికి. నమాజులో ఉన్న మనిషిని తిట్టలేం. నోరు మూసుకుని బెల్టు పట్టుకున్నాను. ఒకటి... రెండు...

నమాజు ముగిస్తూ సలాం చెప్పగానే అరిచాను. "అమ్మీ! ఏమని అనుకున్నం మనం?"

"మర్చిపోయిన బిడ్డా" అంది, చిన్నపిల్లలా నవ్వుతూ. అబద్ధం. నా చెయ్యి తీసుకుని తన నుదుటికి ఆనించుకుంది. చాప గీతలు పడి ఉన్నాయి దాని మీద. ఎంత సంతోషం వేసిందో ఇక్కడ రాయలేను.

సేమియా పెట్టారు. వచ్చేముందు మెల్లగా అడిగింది. "నెలవంక రేపో ఎల్లుండో. రంజాన్ల రోజూ రాత్రి తరావీ నమాజు ఉంటది గద. ఇరవై రకాతులు."

రకాతుకు రెండు. నలభై సజ్దాలు. ఇవాళ చేసినవి నాలుగు. "అన్నీ కుర్చీలనే" అన్నాను. సరే అనలేదు. ఊరికే నవ్వింది. "తెల్లారి ఫజర్ నమాజుకు సుత ఇప్పుడు రేష్మను లేపే పని లేదు" అంది, పీట తన వైపు జరుపుకుంటూ.

నో అనాలి. గట్టిగా, ఖరాఖండిగా నో అనాలి. ఫోన్లో చెబితే వినదు.

అలారం నాలుగింటికి పెట్టాను. ఫజర్‌కు తను ఒక్కతే నేల మీదికి దిగేలోపల బెల్టు తీసుకుని అక్కడుండాలి.