మిట్ట మీద టాప్ గేరు

సెప్టెంబరు 4

మళ్ళీ విన్నాను. వరండాలో కాఫీ తాగుతున్నాను. అల్లుడు బ్రెంట్ గడ్డి ట్రెయిలర్ తగిలించుకుని మా పికప్ ట్రక్కుని మిట్ట ఎక్కిస్తున్నాడు. ఇంజన్ గొంతు చించుకుంటోంది. మూడో గేరు. ఆర్పీఎం ఇరవై ఆరు వందలుంటుంది, తక్కువ కాదు. అదే మిట్టని నేను టాప్ గేరులో, పద్నాలుగు వందల మీద, చప్పుడు లేకుండా ఎక్కుతాను. ఇంజన్ ఎంత మెల్లగా తిరిగితే అంత కాలం బతుకుతుంది. మా వయోమింగ్‌లో చంటిపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. డెన్వర్ సిటీలో పెరిగినవాడికి ఎలా తెలుస్తుంది?

సెప్టెంబరు 5

మంచి మాటగానే చెప్పాను. నవ్వాడు. బరువు లాగేటప్పుడు డీజిల్ ఇంజన్ని కాస్త తిరగనివ్వాలి సర్ అన్నాడు. నా ట్రక్కు గురించి నాకే పాఠం! మా ఇంటికొచ్చి ఏడాది కాలేదు.

ఈ ట్రక్కు నేనూ మా ఆవిడ వెర్నా కలిసి కొన్నాం. తను పోయి మూడేళ్ళయింది. నా తర్వాత ఇది మా అమ్మాయి డార్లాకే. అప్పటిదాకా ఇది బతకాలి. వీడు బతకనిచ్చేలా లేడు.

సెప్టెంబరు 11

ఆర్పీఎం మీటరు మీద రెండు వేల దగ్గర ఎర్ర టేపు అంటించాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

సెప్టెంబరు 12

టేపు అలాగే ఉంది. మిట్ట మీద అరుపూ అలాగే ఉంది.

సెప్టెంబరు 19

ఇవాళ నేనే నడిపాను. బరువు పడగానే అడుగు నుంచి టకటకమని శబ్దం. ఎవరో లోపల్నుంచి తలుపు తడుతున్నట్టు.

రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డార్లా బంగాళాదుంపల్ని ఫోర్కుతో కెలుకుతూ కూర్చుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, బ్రెంట్ వెంటనే ఆయిల్ సంగతి ఎత్తాడు. నేను ఆయిల్ మాటే అనలేదు.

సెప్టెంబరు 20

తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాను.

ఈ చుట్టుపక్కల ఎవరూ ట్రక్కులోంచి తాళంచెవి తీయరు. పక్కవాడికి పని పడితే తోలుకుపోతాడు, సాయంత్రానికి తెచ్చి పెడతాడు. తీశామంటే ఎవర్నో దొంగ అన్నట్టే. కంచె కర్రలు తెచ్చుకుందామని పక్క పశువుల రాంచ్ నుంచి హార్లాన్ వచ్చాడు. ట్రక్కులోకి తొంగిచూసి, నావంక చూసి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. బ్రెంట్ కూడా చూశాడు. ఒక్క మాట అనలేదు. తప్పు లేనివాడైతే అడగడూ?

సెప్టెంబరు 23

కొట్టంలో మొగుడూ పెళ్ళాల గుసగుసలు. నేను వెళ్ళగానే ఆగిపోయాయి. డార్లా కళ్ళు తుడుచుకుంది. దుమ్ము పడిందట. ఏదో దాస్తున్నారు.

సెప్టెంబరు 24

శనివారం ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ పాన్ దించుతాను. మనుషులు దాస్తారు గానీ బేరింగులు దాచవు. పిస్టన్ రాడ్ కింద ఉండే ఒక్కో బేరింగుకి రెండు సగాలు. హద్దు మీరి తిప్పినవాడి ఇంజన్లో కింది సగం అరుగుతుంది. తిరగనివ్వకుండా బరువు మోయించినవాడి ఇంజన్లో పై సగం నలుగుతుంది. ట్రాక్టర్లు విప్పీ విప్పీ నేర్చుకున్న సంగతి ఇది.

కింది సగం అరిగి ఉందా, బ్రెంట్‌ని వెళ్ళిపొమ్మంటాను. దూడలు అమ్మేదాకా కూడా ఆగను. డార్లా వాడితో పోతానంటే పోనీ.

పోనీ అని రాశాను గానీ, రాశాక ఇంకో ముక్క రాయబుద్ధి కాలేదు.

సెప్టెంబరు 28

పిలవకుండానే బ్రెంట్ వచ్చి లైటు పట్టుకున్నాడు. పట్టుకో, నీ భాగోతమే చూద్దువుగాని అనుకున్నాను.

మొదటి బేరింగు. కింది సగం కొత్తదానిలా ఉంది. పై సగం నలిగిపోయి లోపలి రాగి బయటపడింది. రెండోదీ అంతే. అన్నీ అంతే.

నేను ట్రక్కు కిందే పడుకుని ఉన్నాను. బ్రెంట్ ఎటో చూస్తూ, నాసిరకం ఆయిల్ అయ్యుంటుంది సర్, ఈసారి మారుద్దాం అన్నాడు. అబద్ధం. వాడికి తెలుసు. వచ్చినప్పటినుంచీ తెలుసు.

అదే రోజు, సాయంత్రం

డార్లాని నిలదీశాను. మీ నాన్న నడిపే తీరే ఇంజన్ని తినేస్తోందని బ్రెంట్ చలికాలంలోనే చెప్పాడట. నాతో అనొద్దని ఒట్టు వేయించుకుందట. ఎందుకే అన్నాను.

"ఎలా చెప్పమంటావు నాన్నా? అమ్మకి మెలకువ రాకూడదనేగా నువ్వలా నడపడం మొదలుపెట్టింది."

కాస్పర్ ఊళ్ళో ఆస్పత్రికి తిరిగిన రోజులు. వెనక క్యాంపర్ తగిలించుకుని వెళ్ళేవాళ్ళం, వారాలకు వారాలు అందులోనే ఉండేవాళ్ళం. వెర్నా వెనక సీట్లో దిండేసుకుని పడుకునేది. గేరు తగ్గిస్తే ఇంజన్ అరిచేది. అరిస్తే తను లేచేది. తను లేస్తే నొప్పీ లేచేది. అందుకని ఎంత మిట్టయినా టాప్ గేరు వదల్లేదు. ట్రక్కు వణికేది, వణకనిచ్చాను. తను పోయాక కూడా నా చెయ్యి గేరు తగ్గించలేదు. ఇంజన్ని కాపాడుతున్నాననే అనుకున్నాను. దేవుడా, నిజంగా అలాగే అనుకున్నాను.

అక్టోబరు 6

కొత్త బేరింగులు వేశాం. ఇద్దరం. క్షమించమని అడగడం నాకు చేతకాదు. ఎర్ర టేపు పీకి బ్రెంట్ చేతికిచ్చాను. వాడు దాన్ని తన టూల్‌బాక్సు మూతకి అంటించుకున్నాడు. తాళంచెవి ట్రక్కులో పెట్టేశాను.

అక్టోబరు 12

దూడల్ని ట్రెయిలర్లో ఎక్కించి అమ్మకానికి తోలాను. నేనొక్కణ్ణే. మిట్ట మీద మూడో గేరు. ఇరవై ఆరు వందలు. చెవులు చిల్లులు పడే చప్పుడు.

లేమ్మా వెర్నా. పైకి వచ్చేశాం.