హంగేరీ అవ్వకు తగిలిన దిష్టి

నాయనా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. బెంగళూరు ఆఫీసులో నాతో పనిచేసే హంగేరీ కుర్రాడు యానోష్ నిన్న మన ఊరు పరగోడుకొచ్చాడు. డాన్యూబ్ నది పక్కనుండే వాళ్ల జిల్లాలో గుట్టన్నదే లేదట. మిరప మాత్రం మనలాగే పండిస్తారు. ఫోన్‌లో వాళ్ల అవ్వ ఇల్లు చూపించాడు. ముందుగోడ నిండా ఎర్ర మిరపకాయల దండలు.

అమ్మ హడలిపోయింది. "పాపం, ఆయమ్మకు ఎంత దిష్టి తగిలిందో."

"ఎండబెట్టుకుంటాండారమ్మా, కూరలోకి."

"ఊరుకోప్పా. కూరలోకైతే ఇంటి ముందర ఎందుకు కడతారు?"

నువ్వు పోయిన నాడు, "ఇంకేం తగలాల ఈ ఇంటికి" అని మన గుమ్మానికున్న నిమ్మకాయ, మిరపకాయలు తెంపేసింది అమ్మ. నిన్న ఆ అవ్వ కోసం కొత్తవి గుచ్చి యానోష్ చేతికిచ్చింది.

పొద్దున చూస్తే మన గుమ్మానికీ వేలాడుతున్నాయి. అడిగితే, "దారం మిగిలింది, కట్టినా" అంది.