ఎస్‌ఓపీలో పోయిన అమ్మ

మన్సూరాబాద్,
మంగళవారం

అమ్మా,

ఒకే ఫ్యాను కింద పడుకునే మనిషికి ఉత్తరమేమిటని నవ్వకు. నీ ఎదురుగా నిలబడితే నాకు నోరు పెగలడం లేదు. నిన్న రెండుసార్లు వంటింటి గడప దాకా వచ్చాను. "ఏందే, ఆకలైతుందా?" అన్నావు. అవునని చెప్పి, ఆకలి లేకపోయినా అన్నం పెట్టించుకుని తిన్నాను. అందుకే ఇది నీ డ్యూటీ బ్యాగులో టిఫిను గిన్నె కింద పెడుతున్నాను. కోఠిలో బస్సు ఆగినప్పుడు చదువు. చదివాక తిట్టు, కొట్టు, మాట్లాడటం మాత్రం మానకు.

అమ్మా, ఐర్లండ్ యూనివర్సిటీలకు పంపిన దరఖాస్తుల్లో నువ్వు చనిపోయావని రాశాను. ఎస్‌ఓపీ అని ఒకటుంటుంది. ఈ చదువు నాకెందుకు కావాలో నా కథ చెప్పుకుంటూ రాయాలి. దిల్‌సుఖ్‌నగర్ కన్సల్టెన్సీలో విజయదుర్గ మేడమ్ అవి దగ్గరుండి రాయిస్తారు. నేను మొదట నిజమే రాసుకుని వెళ్లాను. నాయన ఆర్టీసీ డ్రైవరు, నాకు ఆరేళ్లప్పుడు డ్యూటీలోనే గుండెపోటుతో పోయాడు, రోగాన్ని ముందే పసిగట్టే లెక్కలు నేర్చుకోవాలని ఉంది, అని. మేడమ్ చదివి పెదవి విరిచారు.

"చూడమ్మా, గుండెపోటు ఈ ఏడాది చాలామంది రాసేశారు. ఈ వారంలోనే నా దగ్గర నలుగురు నాన్నలు పోయారు. మీ అమ్మగారికి క్యాన్సరని పెడదాం. కండక్టరంటే బాగోదు, గడప దాటని అమాయకురాలు అందాం. గడ్డ తగిలినా భయపడి దాచుకున్నారు, ఆలస్యమైపోయింది, అందుకే నువ్వీ కోర్సు చదవాలనుకుంటున్నావు. ఎంత బాగా అతికిందో చూడు!"

"మేడమ్, మా అమ్మ బతికే ఉంది" అన్నాను.

"ఉండాలమ్మా, నూరేళ్లుండాలి. వాళ్లేమన్నా ఇంటికొచ్చి చూస్తారా ఏంటి? కాగితమే కదా" అన్నారు.

సిఫారసు లేఖ సంగతి ఇంకా ఘోరం. మా కాలేజీలో అవి సార్లు రాయరు, మమ్మల్నే రాసుకుని రమ్మంటారు. రెండూ ఒకదానికొకటి సరిపోవాలని మేడమ్ అందులోనూ ఆ మాటే పెట్టారు. తల్లి పోయిన దుఃఖంలో కూడా ఫస్టు క్లాసు తెచ్చుకుందని. హెచ్‌వోడీ సార్ చదవకుండానే సంతకం పెట్టి, స్టాంపు కొట్టి, "ఆల్ ది బెస్ట్ బేటా" అన్నారు. బయటికొచ్చాక ఆ కాగితాన్ని మళ్లీ చదవలేకపోయాను. అయినా తెచ్చి అన్నిటితో పాటు పంపేశాను. అందరూ చేసేదే కదా అనుకున్నాను.

నెల తిరక్కుండానే నువ్వు స్నానం చేసొచ్చి, భుజాన తువ్వాలతో నిలబడి, "ప్రవీణా, జర చూడే, ఈడ గడ్డ లెక్క తగులుతుంది" అన్నావు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎడమ వైపు. అందులో రాసిందీ ఎడమ వైపే అమ్మా. చిన్నప్పుడు అలిగి సచ్చిపోతా అంటే నా నోటి మీద కొట్టేదానివి గుర్తుందా? "పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటరే, గసొంటి మాటలనకు" అనేదానివి. నేను నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వు రావడం లేదు. నేను నోటితో కూడా అనలేదు. మంచి ఇంగ్లీషులో, ఒక్క తప్పు లేకుండా, మూడు చోట్లకు పంపాను. ఆ దేవతలకు ఇంగ్లీషు రాదని ఎవరు చెప్పారు?

దవాఖానలో నీ గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకు పంపినప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. నువ్వు దగ్గితే లేచి కూర్చుంటున్నాను. ఇంకొకటి చెప్పాలి. ఇది చెప్పకపోతే పైదంతా చెప్పీ లాభం లేదు. మొన్న బట్టలు ఆరేస్తుంటే ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, రిపోర్టు చెడ్డగా వస్తే నేను రాసింది అబద్ధం కాకుండా పోతుంది కదా అనిపించింది. తడి బట్ట చేతిలోనే ఉండిపోయింది. నీ కడుపున పుట్టి నేనిలా ఎట్లా అయ్యానో నాకు తెలియదు. నన్ను చూస్తే నాకే భయం వేస్తోంది.

శుక్రవారం మధ్యాహ్నం ఐర్లండ్ నుంచి ఒక ప్రొఫెసరమ్మ ఆన్‌లైన్‌లో నాతో మాట్లాడతానంది. మీ అమ్మ గురించి చదివి ఏడ్చాను, ఆమె గురించి ఇంకా వినాలని ఉంది అని మెయిలు పెట్టింది. నీ రిపోర్టేమో శనివారం. అవునని చెబితే నిన్ను నా నోటితో మళ్లీ చంపాలి. నిజం చెబితే సీటు పోతుంది, సార్ కూడా ఇరుక్కుంటారు. ఏం చెయ్యనమ్మా?

నీ బిడ్డ,
ప్రవీణ


బుధవారం

బిడ్డా ప్రవీణా,

కోఠిల సదువుమన్నవ్. గాడ బస్సు ఆగుడుతోనే జనం మీద వడి ఎక్కుతరు, సదివే తీరుబడి యాడిది? డ్యూటీ దిగి, ఎల్బీనగర్ మెట్రో మెట్ల కింద కూసోని సదివిన. ఇంటికొచ్చి నీతోని మాట్లాడలే, నువ్వు పరేషాన్ అయినవ్. మాట్లాడితే అరుస్తనని ఊకున్న. నాకూ రాసుడే మంచిగనిపిచ్చింది.

నన్ను సంపినందుకు గాదు, ముందుగాల కోపమొచ్చింది నేను గడప దాటని అమాయకురాలినన్నందుకు. ఫ్రీ టికెట్టుకు ఆధార్ కార్డు సూపెట్టమంటే మీదికొచ్చేటోళ్లను, ఫుట్‌బోర్డు మీద యాలాడే పోరగాండ్లను దినాం దారికి తెస్తున్న. నేను అమాయకురాల్నా? గడ్డ తగిలిన్నాడే నీకు సూపెట్టలేదా? ఎవలు దాసుకున్నరే?

గా తడి బట్టల కాడ వచ్చిన ఆలోచన రెండుసార్లు సదివిన. అబద్ధమెందుకు, ఏడ్సిన. పక్కన జామకాయలమ్మే ఆమె "ఏమైందక్కా?" అన్నది. నా బిడ్డ ఉత్తరం రాసిందన్న. నువ్వు గది చెప్పకుంట దాసుకుంటే నాకు ఇంకింత భయమయ్యేది. చెప్పినవ్ గద, ఇగ గా సంగతి ఒడిసింది.

ఇప్పుడు నేను చెప్పేది ఇను. మీ నాయిన పోయినంక, ఆయన బదులు నాకు నౌకరియ్యుమని అర్జీ రాయాల్సొచ్చింది. 'నా భర్త అంజయ్య చనిపోయినందున' అని షురూ చెయ్యాలె. మట్టి చేసొచ్చిన మనిషే, దినాలైపోయినయ్, లోకమంతటికీ ఎర్కే. అయినా గా ఒక్క మాట రాయనీకి నా చెయ్యి ఆడలే. రాస్తే నిజంగ పోయినట్టేనని భయం. మీ చిన్నాయన రాస్తనన్నడు, ఒద్దన్న. నా మొగడు, నేనే రాస్తనన్న. రాసిన. గా అర్జీ మీద వచ్చిందే గీ నౌకరి. మనం తినే బువ్వ, నీ ఫీజులు, గీ ఇంటి కిరాయి, అన్నీ ఒక సావు మీద వచ్చినయ్. నిజమైన సావు మీదనే తింటానికి నాకు మనసొప్పలే బిడ్డా. ఇంకో సావు మీద నువ్వు సదువుకోవుడు నాకొద్దు. అది ఉత్తుత్తి సావైనా ఒద్దు.

శుక్రవారమే చెప్పు. శనివారం దాక ఆగకు. రిపోర్టు మంచిగొస్తే మొక్కు తీర్సుకున్నట్టు చెప్తవ్, చెడ్డగొస్తే చెప్పకుంటనే ఊకుంటవ్. సీటు పోతే పోనీ. సార్ తిడితే తిట్టించుకో, సదవకుంట సంతకం వెట్టినందుకు ఆయనకూ జర బుద్ధి రానీ. పొయ్యి మీద పప్పున్నది, ఏడి చేసుకోని తిను.

మీ అమ్మ,
కౌసల్య, కండక్టర్


దవాఖాన,
గురువారం

అమ్మా,

లోపలికి ఒక్కరినే రానిస్తున్నారు, చిన్నమ్మ నీ దగ్గరుంది. పాల ఫ్లాస్కుతో పాటు ఇది వార్డు ఆయమ్మ చేత పంపుతున్నాను. పోయిన శుక్రవారం సాయంత్రం నువ్వు "చెప్పినవా?" అన్నావు, నేను తలూపాను. మర్నాడు రిపోర్టు హడావిడిలో పడ్డాం. ఆ తర్వాత దాని గురించి నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ ప్రొఫెసరమ్మ తెల్లజుట్టు పెద్దామె. నవ్వుతూ పలకరించింది. ఆమె అడిగేలోపే చెప్పేశాను, లేకపోతే చెప్పగలిగేదాన్ని కాదు. ఆమె కళ్లజోడు తీసి, "అయితే మీ అమ్మ ఇప్పుడెక్కడుంది?" అంది. డ్యూటీలో ఉంది, బస్సు కండక్టర్ అన్నాను. కళ్లజోడు తుడిచి మళ్లీ పెట్టుకుంది. చివరికి, నిజం చెప్పినందుకు సంతోషం, కానీ ఈ దరఖాస్తును తీసుకోలేం అంది. మెయిలు కూడా వచ్చింది. మిగతా రెండూ నేనే వెనక్కి తీసుకున్నాను. విజయదుర్గ మేడమ్ "బుద్ధుందా నీకు? చేతిదాకా వచ్చింది పాడు చేసుకున్నావు" అన్నారు. సార్ దగ్గరికి కూడా వెళ్లాను. "నమ్మి సంతకం పెడితే నా ఇజ్జత్ తీస్తవా?" అని స్టాఫ్‌రూమంతా వినేలా అరిచారు. నిలబడి విన్నాను.

రిపోర్టు నీకూ తెలిసిందే. గడ్డ మంచిది కాదు. తొందరగా వచ్చారు, తీసేస్తే చాలావరకు భయం లేదు అని డాక్టరమ్మ అంటుంటే, నువ్వు నా చెయ్యి పట్టుకున్నావు. నేను పట్టుకోవాల్సింది పోయి నువ్వే పట్టుకున్నావు. నువ్వన్నదే నిజం, శనివారం దాకా ఆగి ఉంటే నేను చెప్పేదాన్ని కాదమ్మా. ఇది మాత్రం ఒట్టేసి చెబుతున్నాను. అబద్ధం సగం నిజమైపోయిందని నోరు మూసుకుని ఉండేదాన్ని, నీ మంచం పక్కన కూర్చుని కూడా సీటు గురించే ఆలోచించేదాన్ని.

భయం పోలేదు. రేపు పొద్దున నిన్ను ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకుపోతారంటే మాటిమాటికీ గడియారం చూస్తున్నాను. కానీ వెనకటి భయం వేరు. అప్పుడు నన్ను చూసి నేను భయపడ్డాను. ఇప్పుడు నీ కోసం భయపడుతున్నాను. ఈ వరండాలో కూర్చున్న వాళ్లందరూ వాళ్ల వాళ్ల కోసం భయపడుతున్నట్టే.

చదువు ఎక్కడికీ పోదు. నువ్వు చెప్పిన పనల్లా చేశాను కదా, ఇప్పుడు నేను చెప్పేది ఒక్కటి విను. నేను రాసింది అబద్ధమని అంత దూరాన ఉన్న ప్రొఫెసరమ్మకు ఒట్టేసినట్టు చెప్పాను. ఆ అబద్ధాన్ని నువ్వు నిజం చెయ్యకమ్మా.

నీ
ప్రవీణ