విల్లో బెండ్ జట్టు బెంచీ వెనక ఎవరు నిలబడాలి

కెనడా దేశం, సస్కాచువాన్ రాష్ట్రం, విల్లో బెండ్ కాపురస్థుడనూ ఈ ఊరి ఐస్ హాకీ జట్టు కోచ్‌నూ అయిన ఓరెస్ట్ డానిల్చుక్ అను నేను, గుండె మీద డాక్టరు ఆశ వదులుకున్నా తల మాత్రం నిక్షేపంగా ఉండగా, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, ఇష్టపూర్వకంగా రాస్తున్న మరణశాసనం ఇది. త్వరగా రాయాలి, నాకు ఓపిక తక్కువ.

1. నా ఇల్లు, ట్రక్కు నా ఏకైక కుమార్తె హలీనాకు సర్వహక్కులతో చెందవలసినది.

2. స్కేట్లకు పదును పెట్టే సానరాయి మా గోల్‌కీపర్ కోల్టన్‌కు. ముగ్గురు పిల్లల తండ్రి అయినా, గోల్ పడిన ప్రతిసారీ పైకప్పు కేసి చూస్తాడు వెధవ. అక్కడేమీ లేదురా నాయనా. అయినా నా భార్య మార్తా చనిపోయిన శీతాకాలంలో రోజూ నాకు సూప్ తెచ్చిపెట్టింది వాడే.

3. క్లబ్బు అధ్యక్షుడు డెల్బర్ట్ ఫ్రీసెన్‌కు నా ఆస్తిలో ఎట్టి భాగమూ లేదు. హలీనా కొన్నేళ్లుగా ఆటగాళ్ల బెంచీ వెనక నా పక్కన నిలబడి జట్టును నడిపిస్తోంది. నా తర్వాత ఆమే కోచ్ అంటే, "ఆడమనిషి అరిస్తే మగాళ్లు వింటారా ఓరెస్ట్? ముందు నువ్వు పోనీ, తర్వాత చూద్దాంలే" అన్నాడు. పట్నం నుంచి తన బావమరిదిని తెచ్చి నిలబెట్టాలని వాడి ఎత్తు. నాకు ఒళ్లు మండింది, ఇంకా మండుతూనే ఉంది.

4. ఐసు మీద వేణ్ణీళ్లు పరిచి నునుపు చేసే యంత్రం నా స్వార్జితం. పాత ట్రాక్టరు కొని మార్తా, నేను మా కొట్టంలో చేసుకున్నది. ఊళ్లో ఇలాంటిది ఇంకోటి లేదు. డెల్బర్ట్ ఒకసారి నీళ్లు కాచే గ్యాసు ఆదా అని చన్నీళ్లు పోయించాడు. కొత్త పొర పాతదానికి అతుక్కోక పెచ్చులు లేచి, ఆట మధ్యలో ఆపాల్సొచ్చింది. మా ఊళ్లో ఐసు వేసేవారే కోచ్, మొదటి నుంచీ అంతే. కనుక సదరు యంత్రం నా తదనంతరం హలీనాకు చెందవలెను. ఆమెను బెంచీ వెనక నిలబెట్టని కమిటీకి దాన్ని అరువుకైనా ఇవ్వరాదు.

5. నిన్న ఇంతవరకు రాసి, లేచి అటూ ఇటూ తిరిగాను. "తదనంతరం" అన్న మాట మింగుడు పడలేదు. శనివారం సెమీఫైనల్. నేను చచ్చేదాకా అమ్మాయి ఎందుకు ఆగాలి? డెల్బర్ట్ కోరేదీ అదే కదా. కనుక నాలుగో నిబంధన రద్దు. యంత్రాన్ని ఈ ఉదయమే హలీనాకు దానపత్రం రాసిచ్చాను. "మరి శనివారం నువ్వెక్కడుంటావు నాన్నా?" అంది. జనంలో ఉంటానన్నాను. "అక్కణ్ణుంచి అరిచావంటే గేటు బయటికి పంపిస్తా" అంది. భయంగానూ ఉంది, సంతోషంగానూ ఉంది.

6. వీలునామాలో భాగం లేనివాడే సాక్షి కావాలట. అందుకు తగినవాడు ఐసు సంగతి మాట్లాడ్డానికి వచ్చి ఇప్పుడే మా గుమ్మంలో నిలబడ్డాడు.

ఫిబ్రవరి 17, 2011, గురువారం.

(సంతకం) ఓరెస్ట్ డానిల్చుక్

సాక్షులు:
ఐరిస్ బోషాన్, పక్కింటి ఆమె
డెల్బర్ట్ ఫ్రీసెన్, క్లబ్బు అధ్యక్షుడు. (చదివితిని. శనివారం హలీనాయే కోచ్. ఐసు వేయించండి.)